లేను అన్న గడిలో టిక్కు

"కలం అక్కడే పెట్టాడు మీ నాన్న. అదేమీ కరవదు, తీసుకో," అంది మేనత్త.

అమ్మాయి కలం వైపు చూడలేదు.

నాలుగు పేజీల కాగితం బల్ల మీద ఉంది. మూడో పేజీ పైకి మడిచి ఉంది. నిన్న సాయంత్రం వెల్డింగు మేస్త్రి అయిన తండ్రి షెడ్డు నుంచి తెచ్చి పెట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. పళ్ళాలు పెట్టుకునే చోటు అదే. అందుకని ఈ పొద్దు నలుగురూ తలో మూల నిలబడి తిన్నారు.

ఆ పేజీలో ఒకటే ప్రశ్న మీద ఎర్ర సిరా గుండ్రంగా తిరిగి ఉంది. షెడ్డు మేనేజరు చేతి గుర్తు అది. 'ఇంటర్న్‌షిప్ ముగిసింది. మీరు పనికి సిద్ధంగా ఉన్నారా?' కింద రెండు గడులు. ఉన్నాను. లేను.

నిన్న షెడ్డులోనే అమ్మాయి 'లేను'లో టిక్కు పెట్టింది.

దాని కింద కారణం రాయమని మూడు గీతలు వదిలారు. మూడూ ఖాళీ. ఇంకా కిందికి వస్తే శిక్షకుడి పేరు అచ్చులో ఉంది. అది తండ్రి పేరు.

"బ్యాచ్‌లో మిగతా ఆరుగురూ ఉన్నాననే పెట్టారట," అంది మేనత్త. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"వాళ్ళు ఉన్నారేమో అత్తా. నేను లేను."

"నాలుగు నెలలు పొద్దున్నే డబ్బా కట్టించుకుని పోయావు కదే మొండీ. అక్కడ ఏం చేశావు? మీ నాన్న మొహం చూస్తూ కూర్చున్నావా?"

"వెల్డింగు ముసుగు వేసుకుంటే మొహం ఎక్కడ కనిపిస్తుంది?"

మేనత్తకు నవ్వు వచ్చింది. ఇది నవ్వే వేళ కాదని పెదవి కొరుక్కుని, పొడిగా ఉన్న గిన్నెనే మళ్ళీ తుడిచింది.

మేస్త్రి గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. పాతికేళ్ళుగా వెల్డింగు రాడ్డు పట్టిన మనిషి. ఇంట్లో ఆయన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నిన్నటి నుంచి ఆ వేళ్ళకూ పని లేదు.

"పదింటికి ఇవ్వాలి," అన్నాడు.

"మార్చకపోతే ఏమవుతుందండీ?" అని అడిగింది తల్లి.

"ఏడు కాగితాలూ ఒకే మాట చెప్పాలట. అప్పుడే ఏడుగురినీ తీసుకుంటారు. ఒకటి వంకరగా ఉంటే పెద్దాఫీసు వాళ్ళు మొత్తం పక్కన పెడతారు."

"మరి మీ సంగతి?"

మేస్త్రి బూటు తాడు బిగించాడు. "శిక్షకుడు అన్న మాట తీసేస్తారు."

"విన్నావుగా," అంది మేనత్త. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. తండ్రి పేరు పక్కనే నేను పనికిరాను అని రాసుకున్న కూతుర్ని నిన్నే చూస్తున్నాను."

"పనికిరానని రాయలేదు. సిద్ధంగా లేనని రాశాను."

"రెండూ ఒకటే."

"ఒకటే అయితే రెండు మాటలెందుకు అత్తా?"

తల్లి ఇందాకటి నుంచి ఆ మూడు గీతలనే చూస్తోంది. లాండ్రీలో ఇస్త్రీ పని ఆమెది. మడత ఎక్కడ తప్పిందో ముందు ఆమెకే కనిపిస్తుంది.

"కారణం రాయలేదేం?" అంది.

ఇంట్లో ఏ మాటకైనా మాట తిప్పి కొట్టే పిల్ల ఊరుకునేసరికి, ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

తలుపు చప్పుడైంది.

*

వచ్చినవాడు డ్రైవరు. బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. లారీ ఒకసారి బోల్తా కొట్టాక మళ్ళీ స్టీరింగు పట్టనని ఒట్టు పెట్టుకుని, ముప్పై నాలుగేళ్ళ వయసులో వెల్డింగు కోర్సులో చేరాడు. పేరుతో పిలిస్తే ఇప్పుడు ఎవరినో అనుకుంటాడు. డ్రైవరూ అంటేనే పలుకుతాడు.

"మేస్త్రి గారూ, మీరు ఉన్నప్పుడే వద్దామని పరుగెత్తుకొచ్చాను," అని అమ్మాయి వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నీతో పోట్లాటకు రాలేదు."

"అంటే పోట్లాటకే వచ్చావన్నమాట. కూర్చో అన్నా."

కూర్చోలేదు. బల్ల మీద కాగితం చూసి, ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒక్క టిక్కు. ఇటు నుంచి అటు. ఎవరికి నష్టం?"

"నాలుగు నెలల్లో నీ చేత్తో ఎన్ని రాడ్లు కాల్చావన్నా?"

"అదిప్పుడెందుకు?"

"ఎన్ని?"

"పదకొండు," అన్నాడు తడుముకోకుండా.

"అంత కచ్చితంగానా?" అంది మేనత్త.

"మిగిలిన ముక్కలు దాచుకున్నానండీ. మా చిన్నది వాటితో ఇల్లు కడుతుంది. గోడలు లేస్తాయి, కప్పు వేయడానికి సరిపోవు. ఇంకో నాలుగు తెమ్మంటుంది."

"నావి తొమ్మిది," అంది అమ్మాయి. "మిగతా రోజులన్నీ ఏం చేశాం? ఒకళ్ళు అతికిందాన్ని గ్రైండరు పెట్టి రుద్దాం. మోశాం. ఊడ్చాం. ఆ కాగితంలో మాత్రం నాలుగు నెలలు వెల్డింగు సాధన అని ఉంది."

"కాదన్నానా? కోర్సులో ఉండగా ఇంటర్న్‌షిప్ అంటే ఏదో అనుకున్నాం. చీపురుకు ఇంకో పేరని ఇక్కడికొచ్చాక తెలిసింది. సరే, అయిపోయింది. ఉద్యోగంలో పడితే రోజుకి పదకొండు కాలుస్తాం. పనిలో దిగితేనే కదా పని వచ్చేది. నీళ్ళలో దిగకుండా ఈత వచ్చినవాణ్ణి చూపించు."

"నువ్వు ఈతకు దిగితే మునిగేది నువ్వు. అతుకు ఊడితే?"

"లారీకి లైసెన్సు ఇచ్చిన రోజున నాకేం వచ్చు? రివర్సు కూడా సరిగా రాదు. రోడ్డే నేర్పింది."

"రోడ్డు నేర్పుతున్నప్పుడు, రోడ్డు మీద ఎవరూ లేరా అన్నా?"

డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు. లారీ బోల్తా కొట్టిన రోజున రోడ్డు పక్కన ఎవరున్నారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అతను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"ఆ మాట అనాల్సింది కాదు నువ్వు," అన్నాడు చివరికి.

అమ్మాయి తల వంచుకుంది. "తప్పే. కానీ మాట వెనక్కి తీసుకోను."

"మా ఇంట్లో నాకు ఇదే ఆఖరి వాయిదా చెల్లెమ్మా. ఇందులోనూ కుదరకపోతే మా ఆవిడ మొహం చూడలేను. నువ్వు నిజం చెప్పుకో, వద్దనను. నా బతుకు మీద నిలబడి చెప్పకు."

అది న్యాయమైన మాట.

మేస్త్రి లేచాడు. "పద," అన్నాడు, ఎవరితో అన్నాడో చెప్పకుండా. అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కలం బల్ల మీదే ఉండిపోయింది.

"ఏమే, కలం?" అంది మేనత్త.

"రాయాల్సింది రాసేశాను అత్తా."

*

షెడ్డుకు నడిచి వెళ్తే పావుగంట. రోజూ మేస్త్రి నాలుగు అడుగులు ముందుంటాడు, కూతురు వెనక. ఈ రోజు ఆయన నడక తగ్గించి పక్కకు వచ్చాడు. డ్రైవరు అది గమనించి, చెప్పులో రాయి దూరిందని ఆగిపోయాడు. ఆ రాయి ఎంతసేపటికీ రాలేదు.

దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఎవరో బకెట్టుతో గుమ్మం ముందు నీళ్ళు కొట్టారు. ఇద్దరూ రెండు పక్కలకు తప్పుకుని మళ్ళీ కలిశారు.

"నాన్న నేర్పలేదు అని రాయాల్సింది," అన్నాడు మేస్త్రి. "ఖాళీ వదిలితే అది ఇంకా పెద్ద మాట."

"అది కాదు నాన్నా."

"మరి?"

"రాస్తే నీ పేరు రాయాల్సి వస్తుంది."

"నా పేరు అక్కడ అచ్చులోనే ఉంది కదా."

"అందుకు కాదు." అమ్మాయి సంచి భుజం మార్చుకుంది. "నీ అతుకులో గుంటలు పడుతున్నాయి. రెండో నెల నుంచి."

మేస్త్రి నడక ఆగలేదు. ఒక అడుగు మాత్రం పొట్టిగా పడింది.

షెడ్డులో గ్రైండరు పట్టేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసి పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. అతుకును రుద్దుతున్నప్పుడు లోపల గాలి గుంట బయటపడితే, దాని చుట్టూ సుద్దముక్కతో సున్న చుట్టాలి. అతికినవాడు ఆ సున్న చూసి వచ్చి మళ్ళీ నింపుతాడు. ఇందులో పెద్దా చిన్నా లేదు. మేనేజరు తమ్ముడి అతుకుకైనా సున్న చుట్టాల్సిందే. సున్న పడ్డవాడు తిట్టుకుంటాడు, నింపుతాడు, మరిచిపోతాడు.

"నాకు ఒక్క సున్న కూడా కనపడలేదే," అన్నాడు మేస్త్రి.

"చుట్టలేదు."

"మరి గుంట?"

"చక్రం ఒరగబెట్టి పక్క లోహం దాని మీదికి లాగాను. మూసుకుపోయింది. రంగు వేశాక ఇక ఎవరికీ తెలియదు."

"ఎన్ని?"

"ఆరు దాకా లెక్క పెట్టాను. తర్వాత లెక్క పెట్టడం మానేశాను."

"ఎక్కడికి పోయాయి అవి?"

"రెండు నీళ్ళ ట్యాంకు స్టాండ్లవి. మిగతావి మెట్లవి."

మేస్త్రి నడుస్తూనే కళ్ళు నులుముకున్నాడు.

"ముసుగులో అద్దం పాతబడిందనుకున్నాను," అన్నాడు మేస్త్రి. తనలో తను అనుకున్నట్టుంది. "రెండుసార్లు మార్చాను. కొత్త దాంట్లోనూ అతుకు అంచు చెదిరిపోతోంది. అద్దాలు చేసేవాణ్ణి తిట్టుకున్నాను."

"తొమ్మిది రాడ్లు కాల్చానని కాదు నాన్నా లేను అని పెట్టింది. తొమ్మిదిని తొంభై చేసుకోవచ్చు. సొంత నాన్న అతుకుకు సున్న చుట్టలేనిదాన్ని రేపు ఎవడి అతుకుకు చుడతాను? అది రాదు నాకు. అది రానిదాన్ని సిద్ధంగా ఉన్నానని ఎలా పెట్టను?"

"ఇంట్లో ఉప్పుకీ పప్పుకీ ఎదురు చెప్తావు కదా. ఇది ఎందుకు చెప్పలేదు?"

"అది ఎదురు చెప్పడం. ఇది నిన్ను పడగొట్టడం."

షెడ్డు గేటు దగ్గర మేస్త్రి ఆగాడు. కూతురి మొహం చూడలేదు. గేటు ఇనుప చువ్వను పట్టుకుని, దాని అతుకు మీద బొటనవేలు నడిపాడు. అది తన చేతి పనే.

"పడేది నేను కాదు," అన్నాడు. "మెట్లెక్కేవాడు."

*

మేనేజరు కూర్చునే గదికి అద్దాల గోడలు. లోపల మాట్లాడినా షెడ్డంతా చూస్తుంది. అందుకే ఆయన చూస్తే చాలనుకున్న మాట లోపల, అందరూ వినాలనుకున్న మాట బయట చెబుతాడు. ఈ రోజు బయటికే వచ్చాడు.

"ఏమ్మా, మార్చావా?"

"లేదండీ."

"నీకేం తక్కువ చేశాం? బూట్లిచ్చాం. తొడుగులిచ్చాం."

"రాడ్డు ఇవ్వలేదండీ."

ఎక్కడో ఒక గ్రైండరు ఆగింది. వినడానికి ఆగిందో, చక్రం మార్చడానికి ఆగిందో తెలియదు.

"నువ్వు సిద్ధంగా ఉన్నావో లేదో నీకేం తెలుసు? అది చెప్పాల్సింది మేము."

"మరి నన్నెందుకు అడిగారు?"

"అడగడం ఒక పద్ధతి."

"చెప్పడమూ పద్ధతే కదండీ."

మేనేజరు మేస్త్రి వైపు చూశాడు, మీ పిల్లను మీరే చూసుకోండి అన్నట్టు. మేస్త్రి షెడ్డు కప్పును చూస్తున్నాడు.

"నోటితో చెప్పినంత తేలిగ్గా చేత్తో చేసి చూపించు," అన్నాడు మేనేజరు.

"చూపిస్తాను. పరీక్ష పెట్టండి. ఏడుగురం తలో ప్లేటు అతుకుతాం. ప్రెస్సులో పెట్టి వంచి చూడండి."

వెనక నిలబడ్డ డ్రైవరు గొంతులో నుంచి ఒక చప్పుడు వచ్చింది, పంక్చరైన టైరు లాగా.

వంచే పరీక్ష అంటే ఆ పనిలో వాళ్ళందరికీ భయమే. రెండు ఇనుప పలకలను కలిపి అతికి, అతుకును నున్నగా రుద్ది, చేతిపంపు ప్రెస్సు కింద గుర్రపు నాడా ఆకారం వచ్చేదాకా వంచుతారు. లోపల గట్టిగా ఉంటే వంగుతుంది. లోపల డొల్ల ఉంటే వంపు మీద నోరు తెరుచుకుంటుంది. రుద్దుడుకూ రంగుకూ అక్కడ విలువ లేదు.

"నీ ప్లేటు తెరుచుకుంటే?"

"నేను రాసింది అదే కదండీ."

ఈసారి ఎవరో నవ్వారు. నవ్వు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగు నెలలు తిండి డబ్బా మోసుకొచ్చి, చివరికి నాకేమీ రాదని రుజువు చేస్తావా? అది ఎవరికి చెడ్డపేరో తెలుసా? ఆయనకి."

"ముందు నాది," అన్నాడు మేస్త్రి.

అందరికంటే ఆలస్యంగా ఆ మాట మేనేజరుకు అందింది. "ఏంటి మేస్త్రీ?"

"ముందు నా ప్లేటు వంచుదాం."

"నీకెందుకయ్యా పరీక్ష? పాతికేళ్ళ చెయ్యి."

"శిక్షకుడని అచ్చు వేయించింది మీరే. నేర్పినవాడి అతుకు చూశాక నేర్చుకున్నవాళ్ళది చూడొచ్చు."

"నాన్నా, వద్దు," అంది అమ్మాయి. పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మెత్తని మాట అది.

మేస్త్రి ముసుగు దించుకున్నాడు.

మంచి అతుకు చెవికి తెలుస్తుంది. ఒకే ధారగా, సన్నని వాన రేకు మీద పడ్డట్టు ఉంటుంది. మేస్త్రి అతుకు అలాగే మొదలైంది. షెడ్డులో కుర్చీలూ బల్లలూ వదిలి జనం దగ్గరికి వచ్చారు. మూడో వంతు దాటాక ధార ఒకచోట తడబడింది, మనిషి చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు. మళ్ళీ అందుకుంది. చాలామందికి అది వినిపించి ఉండదు. అమ్మాయి కళ్ళు మూసుకుని వింటోంది.

ప్లేటు నీళ్ళలో చల్లార్చి డ్రైవరు చేతికి ఇచ్చాడు మేస్త్రి. "రుద్దు."

డ్రైవరు రుద్దాడు. ఒకచోట చక్రం కొంచెం సేపు ఎక్కువగా నిలిచింది. తలెత్తి ఎవరినీ చూడలేదు. నున్నగా అయ్యాక ఊది ఇచ్చాడు.

ప్రెస్సు చేతిపంపు మేస్త్రి తనే పట్టుకున్నాడు. ఒక్కో పోటుకూ ప్లేటు నడుము కొంచెం కొంచెంగా దిగింది. పదో పోటుకు నాడా ఆకారం వచ్చింది. ఆపాడు.

వంపు మీద, అతుకు మధ్యలో కాస్త ఎడమకు, బియ్యపు గింజంత పొడవున నోరు తెరుచుకుని ఉంది. వెంట్రుక మందం. తెలిసినవాళ్ళ కంటికి మాత్రమే.

మేనేజరు తెలిసినవాడే. వంగి చూశాడు. నడుము నిటారుగా చేశాడు. చెయ్యి చాచి మేస్త్రి భుజం తట్టాడు.

"చూశారా? గీత కూడా పడలేదు. చెయ్యి అంటే ఇది." కూడిన జనం వైపు తిరిగాడు. "ఈయన దగ్గర నేర్చుకున్న పిల్లలకు వేరే పరీక్ష ఎందుకు? పదండి, పనుల్లోకి పదండి."

ఎవరూ కదల్లేదు. డ్రైవరు తన బూట్లు చూసుకుంటున్నాడు.

మేస్త్రి తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు. ప్లేటు ప్రెస్సులోంచి తీసి కళ్ళకు దగ్గరగా తెచ్చాడు. దూరం పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బొటనవేలితో వంపు మీద మెల్లగా రాశాడు. పాతికేళ్ళ నిప్పురవ్వలు పడి ఆ వేలి చర్మం తోలైపోయింది. దానికి ఏమీ తెలియలేదు.

"నాకు కనపడటం లేదు," అన్నాడు.

గొంతు పెంచలేదు. అయినా చివరి బల్ల దాకా వినిపించింది.

"కనపడటానికి అక్కడేం లేదు మేస్త్రీ," అన్నాడు మేనేజరు.

మేస్త్రి ఆయన వైపు తిరగలేదు. ప్లేటును రెండు చేతులతో కూతురికి అందించాడు. "నువ్వు చెప్పు."

"ఆలోచించుకుని చెప్పమ్మా," అన్నాడు మేనేజరు. గొంతు చల్లగా ఉంది. "ఒక్క మాటతో ఏడుగురి బతుకు ఆగుతుంది. ఎనిమిదోది మీ నాన్నది."

అమ్మాయి ప్లేటు అందుకుంది. డ్రైవరు వైపు చూసింది. అతను ఇప్పుడు తలెత్తి ఉన్నాడు. చెప్పమని గానీ వద్దని గానీ ఆ కళ్ళలో లేదు.

ఆమె తండ్రి మణికట్టు పట్టుకుంది.

"ఇక్కడ కనపడదు నాన్నా. వెలుతురులోకి రా, చూపిస్తాను."

ఆ షెడ్డుకు కిటికీలు లేవు. వెలుతురంతా పెద్ద తలుపులోంచే రావాలి. వాళ్ళిద్దరూ రెండడుగులు వేసేలోపే మేనేజరు వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

అమ్మాయి ఆగలేదు.